బావా, ఆ కత్తిని సాన అతనికి ఇవ్వకు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బావా,

నీ ఉత్తరం బుధవారం అందింది. మీ పెద్దవాడు ఒసాకా నుంచి తెచ్చిన కూరగాయల కత్తి రెండు నెలలకే టమాట తొక్క మీద జారిపోతోందని రాశావు. దాని మీద నీలంగా, బూడిదరంగుగా మచ్చలు వచ్చాయని బెంగపడ్డావు. వీధిలోకి చక్రం వేసుకొని వచ్చే సాన అతనికి ఇస్తానన్నావు. దయచేసి ఇవ్వకు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను, కానీ మిగతాదంతా ఫోనులో తెమిలేది కాదు. పిల్లలు పడుకున్నాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ కత్తి పేరు సంగతి. నకిరి. నీ ఉత్తరంలో ఆ పేరు చదవగానే నకిరేకల్ బస్సే కళ్ళ ముందు మెదిలింది! జపాన్ భాషలో ‘న’ అంటే ఆకుకూర, ‘కిరి’ అంటే కోసేది. మొన లేకుండా పలకలా తిన్నగా ఉంటుంది, గోంగూరకూ క్యాబేజీకీ దానిని మించినది లేదు. మీవాడు ఎంచి తెచ్చాడు. ‘షిరోగామి రెండో రకం’ అని వాడు చెప్పాడన్నావు కదా, అంటే తెల్లకాగితం ఉక్కు. షిమానే ప్రాంతంలోని యాసుగిలో తయారయ్యే ఆ ఉక్కును తెల్లకాగితం గుర్తుతో అమ్మేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అందులో కర్బనం ఒక శాతం పైచిలుకు ఉంటుంది, తుప్పును ఆపే క్రోమియం దాదాపు ఉండదు. అందుకే వాదర అంత సన్నగా తేలుతుంది. అందుకే మచ్చలూ పడతాయి. ఆ నీలం, బూడిద రంగు మచ్చలు తుప్పు కాదు బావా. చింతపండు, మామిడికాయ, మన బత్తాయి పులుపు తగిలి ఉక్కు మీద ఏర్పడిన పొర అది, ఎర్రతుప్పును కొంత అడ్డుకుంటుంది కూడా. ఎర్రగా కనిపిస్తే మాత్రం వెంటనే రుద్ది తీసెయ్యి. కోయడం అయిపోగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టు. వానాకాలంలో ఒక చుక్క నూనె రాయి. జపాన్‌లో కామెల్లియా గింజల నూనె రాస్తారు, నేను మాత్రం కొబ్బరినూనే రాస్తున్నాను.

ఇక సాన అతని సంగతి. అయిదేళ్ళ కిందట నా మొదటి జపాన్ కత్తిని నేనూ అలాగే ఇచ్చాను. చక్రం తిరుగుతుంటే నిప్పురవ్వలు ఎగిరాయి, నాకు ముచ్చటేసింది. ఇంటికి తెచ్చి చూస్తే వాదర పొడవునా గోధుమరంగు, నీలం చారలు. ఆ ఉక్కును గట్టిపరిచాక 150, 200 డిగ్రీల మధ్య వేడిచేసి చల్లారుస్తారు. నీళ్ళు లేని చక్రం మీద అంతకంటే ఎక్కువ వేడెక్కితే సన్నటి అంచు మెత్తబడిపోతుంది. పదును ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆ మెత్తబడ్డ భాగమంతా తీసెయ్యడానికి 220 నంబరు గరుకు రాయి మీద మూడు ఆదివారాలు రుద్దాను. అందులో ఆ మనిషి తప్పేమీ లేదు. ఆయన చక్రం కొడవళ్ళకూ మాంసం కత్తులకూ తగినది, ఆ పని బాగా చేస్తాడు. వెడల్పు వాలు, అంటే వాదర వైపు ఏటవాలుగా దిగే భాగం, ఉండే గట్టి ఉక్కు వేరే జాతి. అంతే.

రాళ్ళ గురించి అడిగావు. సెట్టు కొనకు. 1000 నంబరు రాయి ఒక్కటి కొను. ఒకవైపు 1000, ఇంకోవైపు 6000 ఉండే జంటరాయి దొరికితే ఇంకా మంచిది. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 1000లో రేణువు పది పదిహేను మైక్రాన్ల మధ్య, 6000లో రెండు మైక్రాన్ల దగ్గర ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన చుట్టూ లతీఫ్ సాహెబ్ గుట్ట నుంచి దేవరకొండ దాకా రాళ్ళకు కరువు లేదు కదా, ఒక ముక్క చెక్కిస్తే సరిపోదా అని నువ్వు అనుకుంటావని తెలుసు, నేనూ అనుకున్నాను. మన గ్రానైటులో రవ్వలు పెద్దవి, ఒక్కో రవ్వ గట్టితనం ఒక్కోలా ఉంటుంది. కత్తిని గీకుతుందే తప్ప సమంగా అరగదీయదు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ ఆవకాయ జాడీ బోర్లించి, దాని అడుగున నున్నటి పూత లేని అంచు మీద కత్తి రుద్దుతుంది. అది నిజంగా పనిచేస్తుంది, కాల్చిన పింగాణీ ఉక్కు కంటే గట్టిది మరి. నీకు రాయి వచ్చేలోపు అమ్మ పద్ధతి చాలు, కాకపోతే చెయ్యి తేలిగ్గా ఉండాలి.

రాయి వచ్చాక ఇలా చెయ్యి. నీళ్ళలో వేస్తే బుడగలు వస్తాయి, పది పదిహేను నిమిషాల్లో ఆగిపోతాయి. అప్పుడు తీసి, కింద తడిగుడ్డ పరచి కదలకుండా పెట్టు. నానబెట్టకూడని రాళ్ళూ కొన్ని ఉంటాయి, డబ్బా మీద ఏం రాశారో చూడు. కత్తిని ఒక్కో వైపు 15 డిగ్రీల వాలులో పట్టుకోవాలి. నీ కత్తి వెడల్పు అయిదు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి వెన్ను రాయికి 13 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. పది రూపాయల నాణేలు ఏడు దొంతరగా పెడితే దాదాపు అంత ఎత్తు. మొదటి వారం ఆ దొంతర పక్కన పెట్టుకొని చూసుకో, తరువాత మణికట్టే గుర్తు పెట్టుకుంటుంది. ఎడమచేతి రెండు వేళ్ళు వాదరకు దగ్గరగా ఆనించు, ఆ వేళ్ళు ఉన్నచోటే రాయి కోస్తుంది. రుద్దుతుంటే బూడిదరంగు బురద తేలుతుంది, దానిని కడిగేయకు, పని చేసేది అదే.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు వస్తోంది. ఎన్నిసార్లు రుద్దాలి అని అందరూ అడుగుతారు. లెక్క లేదు. ఒకవైపు రుద్దినప్పుడు రెండు వాలులూ ఒకచోట కలిసేదాకా లోహం అరిగి, అటువైపు వాదర మీద కంటికి కనిపించని సన్నటి అంచు లేస్తుంది. జపాన్ వాళ్ళు దానిని ‘కయెరి’ అంటారు. బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపుగా, బయటికి జార్చి చూస్తే గరుకుగా తగులుతుంది. వాదర పొడవునా వేలు పెట్టి లాగకు, తెగుతుంది. ఆ గరుకు పిడి దగ్గర నుంచి చివర దాకా ఎక్కడా తెగకుండా తగిలితేనే ఆ వైపు పని అయినట్లు. ఒక్క అంగుళం మేర లేకపోయినా అక్కడ ఇంకా మొద్దే. తరువాత కత్తి తిప్పి రెండోవైపు. అది మళ్ళీ ఇటువైపు లేస్తుంది. అప్పుడు బరువు తగ్గిస్తూ, తగ్గిస్తూ, చివరికి కత్తి బరువు తప్ప నీ బరువు లేకుండా అటూ ఇటూ మార్చి రుద్ది, దానిని పూర్తిగా రాల్చెయ్యాలి. రాలకుండా మిగిలిపోతే కత్తి ఆ పూట అద్భుతంగా కోస్తుంది, రెండో రోజుకే ఆ అంచు మడతపడి మొద్దుబారుతుంది. దుకాణం నుంచి వచ్చిన కత్తుల్లోనూ ఇది మిగిలి ఉండవచ్చు. నీది త్వరగా పోవడానికి ఒక కారణం అదేనని నా అనుమానం.

ఏడాదిన్నర పాటు నాకు ఇది అర్థం కాలేదు. రాళ్ళు మార్చాను, వాలు మార్చాను. ఒకరోజు రాత్రి వార్తాపత్రికను మడతపెట్టి, దాని మీద కత్తిని వెనక్కి, అంటే వాదర వెనక వచ్చేలా లాగుతున్నాను. ఆ చప్పుడు నేను అంతకు ముందు ఎక్కడో విన్నానని తట్టింది. ఎక్కడో తెలుసా? మీ తాత దగ్గర.

నీకు గుర్తుందా, తెల్లారకముందే మీ అరుగు మీద కూర్చుని గీత కత్తికి పదును పెట్టేవాడు. మోకు పక్కన ఉండేది. మూరెడు చెక్క మీద మెత్తటి తెల్ల రాతిపొడి చల్లి, కత్తిని ఒకే వాలులో వెనక్కి లాగేవాడు. ఆ తరువాత బొటనవేలి గోరు మీద వాదర ఆనించి, జారుతుందా పట్టుకుంటుందా అని చూసేవాడు. జారితే మళ్ళీ చెక్క మీదికి. మనం పలకలు పట్టుకొని నిలబడి చూసేవాళ్ళం. ‘తాతా, పొద్దున నూరావు కదా, మళ్ళీ సాయంత్రం ఎందుకు’ అని నువ్వు అడిగావు. ‘మొద్దు కత్తి పెడితే గెల నలుగుతుంది, నలిగిన చోట కల్లు కారదు’ అన్నాడు. రోజూ కాగితమంత పలచగా గెల కొనను చెక్కితేనే తాడిచెట్టు ఊట ఆపకుండా ఇస్తుంది.

ఆ మాట నేను వంటింట్లో రోజూ తలచుకుంటున్నాను. ఉల్లిపాయలోనూ జరిగేది అదే. మొద్దు కత్తి కణాలను కోయదు, నలుపుతుంది. నలిగిన కణాల్లోని పదార్థాలు కలిసి గంధకం ఉన్న ఘాటు ఆవిరి పుడుతుంది, కళ్ళలో నీళ్ళు తెప్పించేది అదే. పదును ఉన్న కత్తితో కోస్తే ఏడుపు బాగా తగ్గుతుంది, కొత్తిమీర బల్ల మీద పచ్చటి మరక చేయదు. మీ తాతకు ఈ రసాయనం పేర్లేవీ అక్కరలేకపోయాయి, సంగతి మాత్రం పూర్తిగా తెలుసు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు వండితే ఇరాన్ వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు, అది పుస్తకాల్లోకి ఎక్కింది. మీ తాత చెక్క ఎక్కడా ఎక్కలేదు. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది.

మెరుగు సంగతి కూడా కొంచెం రాస్తాను, ఇది అవసరం కాదు, ఇష్టం. ఇలాంటి కత్తి సాధారణంగా మధ్యలో గట్టి ఉక్కు, రెండువైపులా మెత్తటి ఇనుము పెట్టి అతికించినది. సన్నటి రాయి మీద వెడల్పు వాలును ఓపికగా రుద్దితే ఇనుము మసకగా, ఉక్కు మెరుస్తూ విడిపోయి కనిపిస్తాయి. దానిని ‘కసుమి’ అంటారు, అంటే పొగమంచు. కార్తికంలో తెల్లవారుజామున పానగల్లు చెరువు కట్ట మీద నిలబడితే నీటి అంచున పొగమంచు ఎలా ఆగిపోతుందో అచ్చం అలాగే ఉంటుంది ఆ గీత. దీనికి క్యోటో పక్క కొండల్లో తవ్విన సహజ రాళ్ళు వాడతారు, ఆ గనులు చాలావరకు మూతపడ్డాయి, ధరలు నా జీతానికి అందవు. నేను మామూలు రాయి బురదనే దూది మీద తీసుకొని రుద్దుతాను. గీతలు పూర్తిగా పోవు. అయినా మొన్న గంటన్నర అలా కూర్చుంటే కరెంటు పోయిన సంగతి కూడా గమనించలేదు.

ఒకటి మరచిపోయాను. వాడేకొద్దీ రాయి మధ్యలో పల్లం పడుతుంది, అప్పుడు ఎంత నేర్పు ఉన్నా వాలు నిలవదు. రాయి మీద పెన్సిలుతో గళ్ళు గీసి, వజ్రపు పొడి అతికించిన పలక మీద గళ్ళన్నీ చెరిగేదాకా రుద్దు. రెండు మూడుసార్లు కత్తి నూరాక ఒకసారి చేస్తే చాలు.

దసరాకు వస్తున్నావు కదా, కత్తి తెచ్చెయ్యి. గుడ్డలో కాకుండా అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టు. మొదటిసారి ఇద్దరం కలిసి నూరుదాం, నా రాయి మీద నీ చెయ్యి పట్టి చూపిస్తాను. ఇంకో పని కూడా ఉంది. మీ పాత ఇంటి అటక మీద మీ తాత చెక్క ఇంకా ఉందేమో చూడు. మధ్యలో కాస్త లోతుగా అరిగి ఉంటుంది, ఒక చివర మోకు తాడు కట్టడానికి కన్నం ఉండాలి. చెదలు పట్టినా సరే, పారేయకుండా దానిని కూడా తీసుకురా. నీ నకిరికి ఆఖరి పదును దాని మీదే పెడదాం.

అక్కకు నమస్కారాలు చెప్పు.

నీ
బావ