ముందు చెవి సంగతి తేల్చుకుందాం, తల్లీ

అనంతపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నిన్న రాత్రి నువ్వు ఫోనులో ఏడుస్తూ "బాబుకు ఆటిజం అంటున్నారమ్మా" అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అన్నది ఎవరని అడిగితే, మీ వీధి చివర ప్లే స్కూలు నడిపే ఆవిడ అన్నావు. అరగంట చూసి, పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదని, రెండేళ్లు నిండి మూడు నెలలైనా ఒక్క మాట లేదని, తన లోకంలో తానుంటున్నాడని ఆవిడ తేల్చేసిందట. నువ్వు ఏడుస్తుంటే నేను ధైర్యం చెప్పానే గానీ, చెప్పవలసిన సంగతులేవీ చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. నిదానంగా చదువు, అల్లుడి చేత కూడా చదివించు.

ఆవిడ చూసినవి అబద్ధమని నేను అనను. ఆటిజం అంటే మనుషులతో కలవడం, మాట్లాడటం అందరిలా కాక వేరుగా ఎదగడం. పిలిస్తే పలకకపోవడం, మాట రాకపోవడం అందులో ఉంటాయి. అవే రెండూ చెవి సరిగా వినిపించని బిడ్డలోనూ ఉంటాయి. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటినీ కంటితో చూసి విడదీయగలమని అనుకోవడం వల్ల మన ఇంట్లోనే ఒక బిడ్డకు నాలుగేళ్లు నష్టపోయాయి. అన్నకు చెవుడని నీకు తెలుసు. అది ఎలా తెలిసిందో మాత్రం నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

అన్న 1988లో పుట్టాడు, అంటే నువ్వు పుట్టడానికి ఐదేళ్ల ముందు. రెండేళ్లు దాటినా మాట లేకపోతే మీ జేజి వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసింది, చిలక కొట్టిన జామపండు వెతికి తెచ్చి తినిపించింది, మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని అందరూ అన్నారు. మూడో ఏట ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాము. ఆయన వాడి వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. వాడు తిరిగి చూశాడు. "చెవులు బాగానే ఉన్నాయి, బుద్ధి ఎదగలేదు" అని చెప్పి పంపించాడు. ఆ చప్పట్లకు వీపు మీద గాలి తగిలి ఉంటుందని, గోడ మీద నీడ కదిలి ఉంటుందని మాకు తట్టలేదు. ఆ తరువాత బడిలో వేస్తే, చెప్పిన మాట వినడం లేదని అక్కడ దెబ్బలు తిని వచ్చేవాడు.

ఒక రాత్రి కరెంటు పోయింది. నేను వంటింట్లో ఉన్నాను, వాడు నడవలో ఆడుకుంటున్నాడు. చీకటి కాగానే కెవ్వున ఏడ్చాడు. "ఇక్కడే ఉన్నాను నాయనా, వస్తున్నాను" అని అరుస్తూ వెళ్లాను. రెండడుగుల దూరంలో నిలబడి పిలిచినా వాడి ఏడుపు ఆగలేదు, చేతులు చాచి నేను లేనివైపు తడుముకుంటున్నాడు. నా చెయ్యి తగిలాక ఆగాడు. అగ్గిపుల్ల గీసి నా ముఖం వాడికి చూపించాను. నా పెదవులు కదులుతుంటే వాటినే చూస్తూ నవ్వాడు. వెలుతురులో నేను చెప్పినవన్నీ వాడు నా ముఖం చూసి, చెయ్యి చూసి తెలుసుకుంటున్నాడని, నా గొంతు వాడికి చేరడం లేదని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

1992లో వాణ్ణి ఎత్తుకుని రైలులో బెంగళూరుకు, అక్కడి నుంచి బస్సులో మైసూరుకు వెళ్లాము. అక్కడ 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. వాణ్ణి నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవిలో శబ్దం పంపి, మెదడు దాకా అది చేరుతున్నదో లేదో చూశారు. అడుగు స్థాయి బరువైన శబ్దాలు కొంతవరకు వినిపిస్తున్నాయని, పైస్థాయి సన్నని శబ్దాలు రెండు చెవులకూ దాదాపు లేవని చెప్పారు. మన మాటలో అ, ఓ, ఊ వంటి అచ్చులకు బరువెక్కువ. స, ష, చ వంటి హల్లులు సన్నగా పైస్థాయిలో ఉంటాయి. అందుకే లారీ పోతే, తలుపు దబ్బున పడితే తిరిగే బిడ్డకు మాట మాత్రం ముక్కలు ముక్కలుగా, అర్థం కాని గొణుగుడుగా చేరుతుంది. అప్పట్లో ఇచ్చిన వినికిడి యంత్రం ఛాతీ మీద పెట్టుకునే చిన్న డబ్బా. దానికోసం వాడి ప్రతి బనియనుకూ ఒక జేబు కుట్టాను. రెండేళ్లు స్పీచ్ థెరపీ పాఠాలు ఇంట్లో చెప్పాక "అమ్మ" అన్నాడు. బుద్ధి ఎదగలేదన్న ఆ బిడ్డే ఈరోజు ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా మనకు డబ్బు పంపుతున్నాడు.

ఇక మన బాబు సంగతి. సంక్రాంతికి మీరు వచ్చిన పది రోజులూ నేను వాణ్ణి గమనిస్తూనే ఉన్నాను. మీకు భయం కలుగుతుందని నోరు మెదపలేదు, అది నా తప్పే. వంటింట్లో నుంచి పిలిస్తే ఒక్కసారీ తిరగలేదు. టీవీకి ఆనుకుని నిలబడేవాడు. డబ్బా మూతను నేల మీద గిరగిరా తిప్పి, అది పడిపోయేదాకా చూసి, మళ్లీ తిప్పేవాడు. ఒక పొద్దున అరగంట అలాగే గడిపాడు. ఇవన్నీ చూస్తే ఆవిడ అన్నమాటే నిజమేమో అనిపిస్తుంది. కానీ ఒక మధ్యాహ్నం ప్రహరీ మీద కాకి వాలితే, వాడు నా కొంగు పట్టి లాగి, వేలు చాచి కాకిని చూపించి, తిరిగి నా ముఖంలోకి చూసి, నేను చూస్తున్నానని తెలిశాక మళ్లీ కాకి వైపు తిరిగాడు. కాకి వాడికి కావాలని కాదు, నేనూ చూడాలని. "నేను చూసింది నువ్వూ చూడు" అని బిడ్డ అడగడమన్నమాట. మామూలుగా ఏడాది నిండే వేళకు వచ్చే ఈ చూపు, ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఆలస్యమవుతుంది లేదా తక్కువగా ఉంటుంది. వినికిడి లోపం మాత్రమే ఉన్న పిల్లలు సాధారణంగా మాట లేని లోటును కంటితో, వేలితో, ముఖంతో తీర్చుకుంటారు. అలాగని ఒక్క కాకిని చూసి వాడికి ఆటిజం లేదని నేను చెబితే, నాకూ ఆ చప్పట్ల డాక్టరుకూ తేడా ఉండదు. ఆటిజం ఉన్న పిల్లల్లోనూ వేలు చూపేవాళ్లుంటారు, ఒళ్లోకి వచ్చి ముద్దులు పెట్టేవాళ్లుంటారు. వినపడని పిల్లల్లోనూ, ఎవరి మాటా అందక విసిగిపోయి, ఒక మూల చేరి మూతలు తిప్పుకునేవాళ్లుంటారు.

రెండోవైపు కూడా నేను పాఠాలు చెప్పిన బడిలో చూశాను. ఒకటో తరగతిలో ఒక పిల్లవాణ్ణి చెవిటివాడని తల్లిదండ్రులే చెప్పి చేర్పించారు. చెవి దగ్గర అరిచినా తల ఎత్తేవాడు కాదు. కానీ పక్క గదిలో ఎవరో బిస్కెట్ పొట్లం చింపితే ఆ సన్నని చప్పుడుకు లేచి వెళ్లేవాడు. టీవీలో వచ్చే ఒక సబ్బు ప్రకటనను ఆ గొంతుతోనే, ఆ రాగంతోనే పొల్లుపోకుండా ఒప్పగించేవాడు. నీళ్లు కావాలంటే నా ముఖం చూసేవాడు కాదు, నా మణికట్టు పట్టుకుని కుండ దగ్గరికి తీసుకెళ్లి చెయ్యి దాని మీద పెట్టేవాడు. ఇంటర్వెల్ గంట మోగితే రెండు చెవులూ మూసుకుని ఏడ్చేవాడు. వాడికి శబ్దం వినపడుతున్నది. మనిషి పిలుపుకు పలకాలన్న ఊపు మాత్రం అందరిలో లాగా రావడం లేదు. తరువాత పరీక్షల్లో చెవులు బాగున్నాయని తేలింది, ఆటిజం అని నిర్ధారించారు.

ఆటిజం అనుమానం ఉంటే 16 నుంచి 30 నెలల పిల్లల తల్లిదండ్రులను అడిగే 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, ఎం-చాట్ అంటారు. అందులో రెండో ప్రశ్నే, "మీ బిడ్డకు చెవుడేమోనని మీకెప్పుడైనా అనిపించిందా?" అని ఉంటుంది. ఈ రెండూ ఎంతగా కలిసిపోతాయో ఆ ఒక్క ప్రశ్న చాలు చెప్పడానికి. ఆ పట్టిక కూడా అనుమానం చెబుతుందే తప్ప రోగం పేరు తేల్చదు.

నువ్వు వెంటనే "పుట్టినప్పుడే ఆసుపత్రిలో చెవి పరీక్ష చేశారు కదమ్మా, పాస్ అని కాగితం ఇచ్చారు" అంటావని తెలుసు. ఆ కాగితం నేనూ చూశాను. అది ఓఏఈ పరీక్ష. లోపలి చెవిలోని సన్నని కేశకణాలు శబ్దానికి స్పందిస్తున్నాయో లేదో అది చెబుతుంది. అక్కడి నుంచి నరం ద్వారా మెదడుకు శబ్దం సరిగా చేరుతున్నదో లేదో అది చెప్పదు. కేశకణాలు బాగుండి నరం దగ్గర తేడా ఉండే పిల్లలుంటారు. పుట్టగానే పచ్చకామెర్లు తీవ్రంగా వచ్చినవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. మన బాబును కూడా ఆ కామెర్లకే నీలం దీపాల కింద ఐదు రోజులు ఉంచారని నువ్వు మరిచిపోకు. పుట్టినప్పుడు బాగా ఉన్న వినికిడి తరువాత తగ్గిపోవచ్చు కూడా. కర్ణభేరి వెనక జిగురు నీరు చేరినా వినికిడి మందగిస్తుంది, ఒక వారం బాగా వినపడి మరో వారం వినపడకపోతుంది. వీడికి జలుబు ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది. పైగా మాదీ మేనరికమే, మీదీ మేనరికమే. దగ్గరి సంబంధాల్లో పుట్టుచెవుడు ఎక్కువగా వస్తుందని మనకు తెలిసిందే, అన్న కళ్ల ముందు ఉన్నాడు. ఇన్ని కారణాలుండగా పాత కాగితం మీద భారం వేయడం మంచిది కాదు.

కాబట్టి బెరా పరీక్ష చేయించాలి, అంటే మైసూరులో అన్నకు తలకు తీగలు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతున్నదో లేదో చూసిన లాంటి పరీక్ష. దాంతోపాటు ఓఏఈ మళ్లీ చేయించాలి, చెవి వెనక నీరుందేమో చూసే టింపనోమెట్రీ చేయించాలి. అనుభవమున్న ఆడియాలజిస్టు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వచ్చిన వైపు తిరిగితే బొమ్మ వెలిగేలా చేసి, బాబు ఏ స్థాయి శబ్దానికి తిరుగుతున్నాడో కూడా చూడాలి. కర్నూలు పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో ఏవేవి చేస్తారో అల్లుణ్ణి రేపే వెళ్లి అడగమను. అక్కడ కుదరనివి ఉంటే మైసూరుకే వెళ్దాం, నాకు దారి తెలుసు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించడానికి జిల్లాల్లో ఏర్పాటు చేసే డీఈఐసీ కేంద్రాల్లో చెవి, మాట, ఎదుగుదల అన్నీ ఒకేచోట చూడాలన్నది ఉద్దేశం. దాని గురించి కూడా విచారించమను.

చెవిలో లోపం తేలి, వినికిడి యంత్రం కావాలంటే, పెట్టడంలో ఒక్క నెల కూడా ఆలస్యం చేయవద్దు. పెట్టిన తరువాత కొన్ని నెలలు వాడు మనుషులతో ఎలా కలుస్తున్నాడో గమనించాలి. శబ్దం అందిన తరువాత కూడా చూపు కలపడం, కలిసి ఆడటం ముందుకు సాగకపోతే ఆటిజం కోసం కూడా చూపించాలి, ఎందుకంటే రెండూ ఒకే బిడ్డలో ఉండవచ్చు. ఒకటి దొరికింది కదా అని రెండోదాన్ని వెతకడం మానేయడం చాలా ఇళ్లలో జరుగుతున్నది. చెవులు బాగున్నాయని తేలితే, హమ్మయ్య అనుకుని ఇంటికి రావడం కాదు, నేరుగా పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆటిజం అని పేరు పెట్టేదాకా స్పీచ్ థెరపీ ఆగనవసరం లేదు. మాట రాని బిడ్డకు ఏ కారణమైనా మాట నేర్పడం ఈరోజే మొదలుపెట్టవచ్చు.

మీ అత్తయ్య నువ్వు ఉద్యోగానికి వెళ్లి బిడ్డకు ఫోను అలవాటు చేయడం వల్లే ఇదంతా అన్నదని చెప్పావు. ఆమె మనసు కష్టపెట్టుకుని అన్నదే గానీ అది నిజం కాదు. ఫోను తగ్గించాలి, అది వాడితో మాట్లాడే సమయాన్ని తినేస్తుంది కాబట్టి. కానీ ఫోను వల్ల చెవుడు రాదు, తల్లి ప్రేమ చాలక ఆటిజం రాదు. ఒకప్పుడు పెద్ద డాక్టర్లే తల్లులను ఆడిపోసుకున్నారు, ఆ మాట తప్పని ఎప్పుడో తేలిపోయింది. టీకాల వల్ల వస్తుందన్నది కూడా నమ్మకు, మిగిలిన టీకాలు ఆపవద్దు. ఎవరు చెప్పినా చెవిలో నూనె మాత్రం పోయనివ్వకు.

అంతవరకు వాడితో మాట్లాడేటప్పుడు వెనక నుంచి పిలవకు. ఎదురుగా కూర్చుని, వాడి కళ్ల ఎత్తుకు వంగి, ముఖం మీద వెలుతురు పడేలా చూసుకుని మాట్లాడు. అన్నం చూపిస్తూ అన్నం అను, చేత్తో రమ్మంటూ రా అను. లోపం చెవిలో ఉన్నా, ఆటిజమే అయినా ఇది మేలే చేస్తుంది. వాడు ఏ శబ్దానికి తిరిగాడో, ఏ శబ్దానికి తిరగలేదో, గాలి, నీడ, అడుగుల అదురు తగిలే వీలున్నదో లేదో ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసిపెట్టు. డాక్టరుకు మన భయం కన్నా ఆ పుస్తకం ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేను శుక్రవారం పొద్దున బస్సుకు బయలుదేరి గుత్తి, డోన్ మీదుగా మధ్యాహ్నానికి కర్నూలు చేరతాను. శనివారం పరీక్షకు కుదిరితే, ముందురోజు వాడికి తలస్నానం చేయించు, కానీ నూనె పెట్టకు, నూనె ఉంటే తలకు అంటించే తీగలు నిలవవు. పరీక్ష రోజు తెల్లవారుజామునే లేపు. బెరాకు వాడు గాఢంగా నిద్రపోవాలి, కాబట్టి దారిలో ఆటోలో కునుకు తీయనివ్వకూడదు. ఆ పని నాకు వదిలేయి, అన్నను అలాగే మైసూరు దాకా మెలకువగా ఉంచాను. వాడు తిప్పుకునే ఆ డబ్బా మూత కూడా సంచిలో వేసుకో.

ఇట్లు,
మీ అమ్మ