ఆ 20 సెకన్ల డ్రమ్స్ ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

హిప్‌హాప్ గురించి రాసేవాళ్లు ఉన్నారు, సంతోషం. కానీ దానికి ప్రాణం పోసిన ఫంక్ అనే అమెరికా నల్లజాతి సంగీతం ఊసు తక్కువ. 1960ల్లో అమెరికాలో గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బృందాన్ని నాలుగు దెబ్బల తాళంలో మొదటి దెబ్బ మీద బరువు వేయమనేవారు. అప్పటిదాకా, ఫంక్‌కు ముందున్న సోల్ అనే శైలి పాటల్లో ఆ బరువు రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద ఉండేది. ఫంక్‌లో గిటారు, బాకాలు కూడా డ్రమ్ముల్లాగే పలుకుతాయి.

1969 నవంబరులో అమెరికాలోని సిన్సినాటి నగరంలో రికార్డయిన బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’ ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చివరికొచ్చేసరికి అందరూ ఆగిపోతారు. డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒక్కరే దాదాపు 20 సెకన్లు వాయిస్తారు. గట్టి దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ మీద గుసగుసలాడినట్టు చిన్న చిన్న దెబ్బలు! సొంతూరు చట్టనూగాలో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల మోత వింటూ తనంతట తానే నేర్చుకున్న విద్య అది. ఆ రికార్డింగ్ ముక్కను తర్వాత హిప్‌హాప్ వాళ్లు వందలాది పాటల్లో వాడుకున్నారు. పాట రచయితగా పేరు లేదు కాబట్టి ఆయనకు రాయల్టీ హక్కు దక్కలేదు. 2017లో కన్నుమూశారు. ఆ హక్కు దక్కకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పాటల గురించి వేసేటప్పుడు గాయకుల పక్కనే వాయించినవాళ్ల పేర్లూ వేయమని మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ