మన దీవికి రెండో రోడ్డు: గ్రామాభివృద్ధి సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం నమస్కారాలు. ఈ ఏడాది సమావేశాలలో చాలా భాగం మన దీవికి రెండో రోడ్డు కావాలా, వద్దా అన్న ఒక్క చర్చకే సరిపోయింది కనుక, నివేదికలో కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాము.

ఒకవైపు సముద్రం, మిగిలిన వైపులా ఉప్పుటేరు, తంపర (పోటునీరు చేరే చిత్తడి పల్లం) ఉన్న మనకు టెక్కలి వైపు వెళ్లడానికి కాజ్‌వే (నీటికి అడ్డంగా వేసిన గట్టు రోడ్డు) ఒక్కటే ఆధారం. అది కట్టిన రోజుల్లో ఎడ్లబళ్లు, నెత్తిన చేపల తట్టలతో నడిచే ఆడవారు, ఒకటి రెండు బస్సులు తప్ప పెద్దగా రాకపోకలు లేవు. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగాక పనివారి కోసం అద్దె ఇళ్లు, భోజన హోటళ్లు లేచాయి. రొయ్యల మేత లారీలు, ఐసు వ్యాన్లు, ఇటుక ట్రాక్టర్లు అన్నీ ఆ ఇరుకు దారినే పోతున్నాయి. నడిమధ్యలో రెండు లారీలు ఎదురైతే ఒకటి చివరిదాకా వెనక్కి పోవలసిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల ఐసు వ్యాన్లు ఆగిపోయినా ఈసారి రద్దీ తగ్గలేదంటే, ఊరి బతుకు వేట ఒక్కదాని మీదే నడిచే రోజులు పోయాయనే అనుకోవాలి.

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం సమీపంలో వాయుగుండం తీరం దాటినప్పుడు, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) నుంచి ఎగదన్నిన పోటునీరు, పైనుంచి దిగిన గెడ్డల (వాగుల) నీరు కలిసి కాజ్‌వే నడుమ భాగాన్ని ముంచేశాయి. తెల్లవారి డయాలసిస్‌కు పలాస వెళ్లవలసినవారిని ట్రాక్టరు తొట్టిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చోబెట్టి, ముందు ఒక కుర్రవాడు వెదురుగడతో రోడ్డు అంచు తడుముకుంటూ నడవగా, ఇద్దరు పక్కల తాడు పట్టుకొని దాటించారు. ఉద్దానం కిడ్నీ జబ్బు ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. వారానికి రెండు మూడుసార్లు జరగవలసిన చికిత్స వరద తగ్గేదాకా ఆగదు. తాగునీటి పైపు, కరెంటు స్తంభాలు కూడా కాజ్‌వే వెంబడే ఉన్నాయి కాబట్టి, అక్కడ గండి పడితే దారితోపాటు నీళ్లు, దీపాలు కూడా పోతాయి. రోడ్డు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవరాదని కార్యవర్గం భావిస్తున్నది.

చర్చలో రోడ్డు అవసరం లేదన్నవారు తక్కువే అయినా, వారి మాట తేలికగా తీసివేయదగినది కాదు. తంపరకు అడ్డంగా మట్టిగట్టు పోస్తే పోటునీరు లోపలికి రాక ఉప్పు మళ్లు దెబ్బతింటాయని, వానాకాలంలో పైనీరు బయటికి పోక వరి మునుగుతుందని ఉప్పు రైతులు వివరంగా చెప్పారు. ఇప్పుడున్న కాజ్‌వేకు తూములు చాలకపోవడం వల్లనే నీరు దాని మీదుగా పొర్లుతున్నదని చూపించినవారు కూడా వారే. తేలినీలాపురంలో గూడు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు వాలేది ఈ చిత్తడి నేలల మీదనే అన్న సంగతిని కొందరు యువకులు గుర్తుచేశారు. రోడ్డు కావాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవారిలో ఉత్తరపు కొసన స్థలాలు కొన్నవారు కొందరున్నారన్నది ఊరందరికీ తెలిసినదే; అంత మాత్రాన రోడ్డు అక్కర లేకపోదు.

నిధుల మాటకు వస్తే, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఉద్దేశం దారి లేని ఊళ్లకు అన్ని కాలాల్లో పనికివచ్చే ఒక రోడ్డు ఇవ్వడం. కాగితం మీద మనకు ఆ ఒక్క రోడ్డు ఉన్నది కనుక రెండోదానిని ఆ లెక్కలో అడగలేము. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం మడ అడవులు, చిత్తడి నేలలున్న చోట రోడ్డుకు ప్రత్యేక పరిస్థితులలోనే అనుమతి వస్తుంది. మడ అడవి పోతే పోయినదానికి కనీసం మూడింతలు నాటవలసి ఉంటుంది. అందువల్ల మన విన్నపాన్ని తుఫాను రక్షణ అవసరంగా చూపాలని నిర్ణయించాము.

రామేశ్వరం ఉదాహరణ సభలో పదేపదే వచ్చింది. ఆ ద్వీపాన్ని ఒడ్డుతో కలిపే 1914 నాటి పాంబన్ రైలు వంతెన 1964 డిసెంబరు తుఫానులో తీవ్రంగా దెబ్బతిన్నది; తర్వాత దాన్ని బాగుచేశారు. 1988లో రోడ్డు వంతెన వచ్చింది. 2022 డిసెంబరులో పాత వంతెన మీద రైళ్లు ఆపివేసినా, 2025 ఏప్రిల్‌లో కొత్తది తెరిచేదాకా ద్వీపాన్ని రోడ్డు వంతెన ఆదుకున్నది. అయితే అవి పక్కపక్కనే ఉన్నాయి, పెనుతుఫాను వస్తే రెండింటికీ ముప్పే కదా అని ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న చర్చను మలుపు తిప్పింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో దారులను మూసినది నీరు ఒక్కటే కాదు, అడ్డంగా కూలిన కొబ్బరి, జీడి చెట్లు, కరెంటు స్తంభాలు కూడా. తోటల నడుమ నుంచి వేసే రోడ్డు ఎంత ఎత్తుగా ఉన్నా అటువంటి రోజున పనికిరాదు.

ఈ వాదనలన్నీ విన్నమీదట సర్వసభ్య సమావేశం మెజారిటీతో ఆమోదించిన తీర్మానం ఇది. ముందుగా ఇప్పటి కాజ్‌వేను ఎత్తు పెంచి, తూములు ఎక్కువ చేసి, వాహనాలు తప్పుకొనేందుకు మధ్యలో వెడల్పు చేయాలి. రెండో దారి దాని పక్కన కాక ఉత్తరపు కొసన, ఉప్పుటేరు మీద స్తంభాలపై కట్టి, జాతీయ రహదారికి వేరొక రోడ్డు ద్వారా కలపాలి. తంపరలో మట్టిగట్టు పోయకూడదు. నీటి పైపు, కరెంటు లైనులలో ఒకటైనా ఆ దారిన రావాలి. మట్టిగట్టు కంటే స్తంభాల పనికి ఖర్చు ఎక్కువ కనుక ఇది ఆలస్యమవుతుందని తెలిసే ఒప్పుకున్నాము. మొదటి పనితోనే ఆగాలన్న సభ్యుల అసమ్మతిని వారి మాటల్లోనే మినిట్స్‌లో నమోదు చేశాము.

మిగిలిన పనులలో తుఫాను షెల్టర్ కిటికీలకు కొత్త తలుపులు వేయించడం, జనరేటరు బాగుచేయించడం పూర్తయ్యాయి. తీరం వెంబడి సరుగుడు నాటడం సగంలో ఉన్నది. జమాఖర్చుల పట్టీని ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాము.

ఉత్తరపు దారి రేఖాచిత్రాన్ని పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాము. ఆ దారిలో భూమి, ఉప్పు మడి లేదా పడవలు నిలిపే చోటు పోయేవారు తమ అభ్యంతరాలను వచ్చే సమావేశంలోగా రాతపూర్వకంగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాము.