ట్రక్కు కొనే ముందు డోర్ తెరిచి చూడమ్మా

చిట్టితల్లీ,

ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) కొంటున్నారని విని నాకూ అమ్మకూ చాలా సంతోషమేసింది. ట్రక్కు దగ్గరే మీ ఇద్దరికీ కుదరడం లేదన్నావు. నీకు టయోటా టకోమా నచ్చింది, అల్లుడికి దానికన్నా పెద్దదైన ఫోర్డ్ ఎఫ్-150. నన్నడిగితే ఈసారి అల్లుడి మాట వినమ్మా.

కొత్త టకోమా 6,500 పౌండ్ల దాకా లాగుతుంది. మీ ట్రైలర్ సామానుతో కలిపి 6,000. సరిపోతుందిగా అంటావు. కానీ లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను తగిలించే కొక్కెం మీద పడుతుంది, దాన్ని ట్రక్కే మోయాలి. 13 శాతం వేసుకున్నా 780 పౌండ్లు. మీరు నలుగురూ ఓ 500, కుక్క, సైకిళ్లు, కూలర్ ఇంకో 200. దగ్గర దగ్గర 1,500! ఆ సైజు ట్రక్కుల్లో చాలావాటికి అంత మోసే సత్తా ఉండదు.

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దాని మీద రాసుంటుంది. బ్రోషర్‌లో అంకె కాదు, ఇదే అసలు లెక్క. సన్‌రూఫ్ లాంటి హంగులు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. అందుకే ఒకే లాట్‌లో పక్కపక్కనున్న రెండు ఎఫ్-150లకు కూడా తేడా ఉంటుంది. 1,700కి తక్కువైతే వదిలేయండి.

అల్లుడు టర్బో లేని 5.0 వీ8 ఇంజన్ అంటున్నాడట. ఇక్కడ హ్యూస్టన్‌లో నేల చదును కాబట్టి ఏదైనా నడుస్తుంది. మీరేమో డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద కొండల్లోని ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా, 11,000 అడుగుల ఎత్తు దాటి ఎక్కాలి. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజన్‌కు వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది, అంటే అక్కడికొచ్చేసరికి దాదాపు 30 శాతం పోతుంది. 3.5 ఇకోబూస్ట్ ఇంజన్‌కు గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బోలు రెండున్నాయి, అదే తీసుకోమను.

ఎక్కడం కన్నా దిగడమే నాకు టెన్షన్. టన్నెల్ దాటాక సిల్వర్‌థోర్న్ ఊరి వైపు బాగా నిటారు వాలు. టో-హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్ సెట్టింగ్) పెట్టి, వాలు మొదలవకముందే వేగం తగ్గించండి. బ్రేక్ మీద కాలు అదిమిపెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ట్రైలర్ బ్రేకులను ట్రక్కులోంచే పనిచేయించే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ కంపెనీదే ఉన్న బండి చూడండి.

రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేది నువ్వే కాబట్టి పార్కింగ్ గురించి నీ బెంగ న్యాయమే. ఎఫ్-150 పొడవు 19 అడుగుల పైమాటే, టకోమా కన్నా సుమారు అడుగున్నర ఎక్కువ. టెస్ట్ డ్రైవ్ అప్పుడే మీ ఆఫీసు గరాజ్‌లోకి తీసుకెళ్లి పెట్టి చూడు. అక్కడ మరీ ఇబ్బందైతే చెప్పు, ట్రైలరే చిన్నది చూసుకుందాం. రామ్ 1500 ట్రక్కు కూడా ఓసారి నడుపు. వెనక కాయిల్ స్ప్రింగులు కాబట్టి పిల్లలకు కుదుపు తక్కువ. హోండా రిడ్జ్‌లైన్ ట్రక్కు కారులా హాయిగా నడుస్తుంది గానీ 5,000 పౌండ్లు దాటి లాగదు.

శనివారం డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ స్టిక్కర్ ఫొటో పంపు. నేను చూసి చెప్పాకే సంతకం పెట్టండి.

ప్రేమతో,
నాన్న