పాత పారిశ్రామిక కంప్యూటర్లు: ప్రాసెసర్ ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు,

యంత్రాల నియంత్రణకు, ఎడ్జ్ కంప్యూటింగ్‌కు (డేటాను దూరపు సర్వర్‌కు పంపకుండా యంత్రం దగ్గరే లెక్కగట్టడానికి) వాడేసిన కంప్యూటర్లు కొనేవాళ్లు ప్రాసెసర్ ఏ తరానిదో చూసి ఊరుకుంటున్నారు. యంత్రాన్ని నడిపే చిన్న కంట్రోలర్ అయిన పీఎల్‌సీ నుంచి, పరికరాలు మాట్లాడుకునే పద్ధతి అయిన మాడ్‌బస్‌లో రీడింగులు తీసుకోవడానికి పదేళ్ల నాటి ప్రాసెసరైనా ఎక్కువే. మొరాయించేవి వేరే.

డేటా దాచే ఎస్‌ఎస్‌డీ అరిగితే మార్చుకోవచ్చు. బోర్డుకే అతికించిన ఈఎంఎంసీ అనే మెమరీ చిప్ అరిగితే మాత్రం బోర్డే పోయినట్టు, కాబట్టి దాని ఆయుష్షు రిపోర్టు ముందే అడగాలి. మూత తీసి కెపాసిటర్ల తల ఉబ్బిందేమో చూడండి. గడియారాన్ని నడిపే సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఎలాగూ కొత్తది వేయాల్సిందే. అది చచ్చిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు గడియారం వెనక్కి పోతుంది, డేటా మీద తప్పుడు తేదీలు పడతాయి. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాములో) ఉండాలి. పాత యజమాని పాస్‌వర్డ్‌తో బయాస్ బిగుసుకుని ఉంటే ఆ బేరం వదిలేయడమే మేలు.

తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు కనబడగానే, ఒకే తీగల జత మీద చాలా పరికరాలను కలపగలిగే ఆర్‌ఎస్‌485 అనుకోవద్దు. చాలావాటిలో అది ఒక్క పరికరంతోనే మాట్లాడే ఆర్‌ఎస్‌232 మాత్రమే. కొన్నిటిలో బోర్డు మీది జంపర్‌తోనో (పిన్నులను కలిపే చిన్న తొడుగు), బయాస్‌లోనో మార్చాలి.

ఫ్యాను లేని పెట్టెల్లో ప్రాసెసర్ వేడిని పెట్టె లోహపు ఒంటికి చేరవేసే థర్మల్ ప్యాడ్ ఎండిపోయి ఉండొచ్చు. అందుకే మూత బిగించి, పూర్తి లోడుతో కొన్ని గంటలు నడిపి ఉష్ణోగ్రత చూడాలి. బల్లమీద తెరిచిపెట్టి చేసిన పరీక్ష, కంప్యూటర్‌ను బిగించే మూసిన కంట్రోల్ ప్యానెల్ లోపలి పరిస్థితికి పనికిరాదు.

— ఒక ఆటోమేషన్ ఇంజినీరు