ఐటీ శాఖ మంత్రి గారికి: లైసెన్స్ గడిలో సున్నాను ఒప్పుకోండి

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నల్లకుంటలో నలుగురం కలిసి ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాం. కాలేజీ లైబ్రరీల్లో పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూసే 'కోహా' అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, నేర్పించి, చెడితే బాగుచేయడం మా పని. న్యూజిలాండ్‌లోని ఒక లైబ్రరీ కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, దాని మీద వ్యాపారమూ చేసుకోవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే మాత్రం సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్‌ను కూడా అవే హక్కులతో ఇవ్వాలి.

పోయిన ఏడాది ఒక ప్రభుత్వ సంస్థ లైబ్రరీకి టెండర్ వేశాం. ధరల షీట్‌లో 'లైసెన్స్ ధర' దగ్గర సున్నా పెట్టాం. నిజంగా అది సున్నాయే. డేటా ఎక్కించడానికి, ట్రైనింగ్‌కి, మూడేళ్ల సపోర్ట్‌కి విడివిడిగా రేట్లు రాశాం. ఓఈఎం ఆథరైజేషన్ లెటర్ ఏదని అడిగారు. అది మా సరుకు వీళ్లు అమ్మవచ్చని తయారీ కంపెనీ ఇచ్చే పత్రం. కోహాను దేశదేశాల లైబ్రరీలు, ప్రోగ్రామర్లు, మాలాంటి కంపెనీలు కలిసి రాస్తుంటే ఎవరి లెటర్ తేవాలి సార్? లైసెన్సే అందరికీ అనుమతి. దాన్నే ప్రింట్ తీసి జతచేశాం, కుదరదన్నారు. సోర్స్ కోడ్ మీద పూర్తి యాజమాన్యం సంస్థకు రాసివ్వాలని ఇంకో క్లాజ్. మాది కానిదాన్ని మేమెలా రాసిస్తాం? బిడ్‌ను టెక్నికల్ దశలోనే పక్కన పెట్టేశారు.

అక్కడి ఉద్యోగి ఒకాయన మంచిగానే అడిగారు: "ఫ్రీ అంటున్నారు, మళ్లీ ఈ లక్షలెందుకు బాబూ?" ఇంగ్లిష్‌లో స్వేచ్ఛకూ ఉచితానికీ 'ఫ్రీ' అనే ఒకే మాట కాబట్టి ఈ తికమక. మనకు స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. జీపీఎల్ ఇచ్చేది స్వేచ్ఛ.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చెబుతాను. ఒక కాలేజీ వాళ్లు 18,000 పుస్తకాల జాబితాను ఎక్సెల్‌లో ఇచ్చారు. తెరిస్తే తెలుగు పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతిలో కాకుండా, పాత ఫాంట్లో కొట్టినవి. కన్వర్టర్ రాసి నడిపిస్తే చాలావరకు తెలుగైంది కానీ ఒత్తులు తారుమారయ్యాయి. మా టీంలోని అమ్మాయి నెలన్నర పాటు బీరువాల ముందు స్టూల్ వేసుకుని, అట్ట మీది పేరు చూస్తూ ఒక్కొక్కటీ సరిచేసింది. ఒకచోట 'భారతము', ఇంకోచోట 'భారతం' అని ఉంటే వెతికేవాళ్లకు సగమే దొరుకుతాయి. ఏది కొట్టినా రెండూ వచ్చేలా చేశాం. ఆ కన్వర్టర్‌ను కూడా అదే లైసెన్స్ కింద బయటపెట్టాం. తర్వాత ఇంకో జిల్లా లైబ్రేరియన్ మాకు పైసా ఇవ్వకుండా వాడుకున్నారు. సంతోషమే, మేమూ అలా తీసుకున్నవాళ్లమే.

దీనికి వ్యతిరేకంగా జరిగిందీ చూశాను. ఒక కాలేజీకి ఇదే కోహాను లోగో మార్చి, సొంత సాఫ్ట్‌వేర్ అని అమ్మారు. ఏటా మెయింటెనెన్స్ డబ్బు పెంచుతూ పోయారు, ఆపేస్తామంటే పాస్‌వర్డ్ ఇవ్వలేదు. సర్వర్ కాలేజీదే, కోడ్ అందులోనే ఉంది. లైసెన్స్ ప్రకారం ఇంకెవరితోనైనా బాగుచేయించుకునే హక్కు ప్రిన్సిపాల్ గారికి ఉంది. ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

కోహాలాగా సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. 2015లో కేంద్రం దీని మీద ఒక విధానం ప్రకటించింది. టెండర్ వేసేవాళ్లు ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలని, వద్దనుకుంటే కారణం రాయాలని అందులో ఉంది. ఇష్టపడిన రాష్ట్రాలు దాన్ని అమలు చేసుకోవచ్చు. మన దగ్గర 2016లోనే ప్రభుత్వ సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెట్టే ఓపెన్ డేటా పాలసీ వచ్చింది, కాబట్టి ఇది మీకు కొత్త దారి కాదు.

మీ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు సార్. జీపీఎల్‌లాంటి లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఓఈఎం లెటర్ అడగవద్దని, దాని బదులు పని చేసి చూపించమని అడగాలని చెప్పండి. యాజమాన్యం క్లాజ్ తీసేసి, పని ముగిసేటప్పుడు కోడ్, డేటా, పాస్‌వర్డ్‌లు అన్నీ అప్పగించాలనే షరతు పెట్టండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రిదాకా పోటీ పరీక్షలకు చదివే పిల్లలున్నారు. లైసెన్సులకు పోయే డబ్బు ఇలాంటి పనులకు జీతాలుగా మారితే వాళ్లలో కొందరికైనా సొంత జిల్లాలోనే ఉద్యోగం దొరుకుతుంది.

తిరస్కరించిన మా బిడ్ కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి. మీరు పిలిస్తే తెచ్చి, ఏ క్లాజ్ దగ్గర ఆగిపోయామో చూపిస్తాను.

ఇట్లు,
లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సేవల చిన్న కంపెనీ నిర్వాహకుడు,
నల్లకుంట, హైదరాబాద్