క్యూసెక్కులతో పాటు ఇంట్లో ఏం సర్దుకోవాలో కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలైతే చాలు ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు, మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని రోజూ వేస్తారు, మంచిదే, కానీ 2024 సెప్టెంబర్ 1 ఆదివారం మా విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదండి, బుడమేరు వాగు. మర్నాడు బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు అన్నారు, అప్పటికే ఇక్కడ గ్రౌండ్ ఫ్లోర్లు నీళ్లలో ఉన్నాయి.

అసలు కష్టం తాగే నీళ్లది. చుట్టూ నీళ్లే, సంపులోకి డ్రైనేజీ కలిసిపోయింది, కరెంటు లేదు కాబట్టి మోటార్ లేదు, పడవలేమో మెయిన్ రోడ్డు మీద తిరిగినంత తేలిగ్గా లోపలి సందుల్లోకి రాలేవు. అందుకే తుఫాను అనగానే ఖాళీ టిన్నులు, బిందెలు, కుక్కర్ గిన్నెతో సహా అన్నీ నింపి మేడ మీద పెట్టుకోవాలి. మా వీధిలో చాలామందికి ఇన్వర్టర్ మెట్ల కింద ఉంటుంది, అంటే ముందు మునిగేది అదే, గోడకి ఎత్తులో స్టాండ్ కొట్టించుకుంటే పోతుంది కదా! ఆధార్, రైస్ కార్డు, ఇంటి కాగితాలు, షుగర్ బీపీ మాత్రలు ఒక జిప్ కవర్లో వేసి అటక మీద పెట్టాలి. నీళ్లు గుమ్మం దాకా రాకముందే మెయిన్ ఆఫ్ చేసి గ్యాస్ రెగ్యులేటర్ తీసేయాలి.

కొంచెం చిల్లర నోట్లు కూడా ఉంచుకోండి, 2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు వైజాగ్‌లో సిగ్నల్ పోయి ఏటీఎంలు పనిచేయక జనం ఎంత ఇబ్బంది పడ్డారో, ఇప్పుడైతే ఇడ్లీ బండి దగ్గర కూడా ఫోన్‌పేనే.

ఇంకోటి, మునిగిన కారుని నీళ్లు తీసిన వెంటనే కీ తిప్పి స్టార్ట్ చేయొద్దు, ఇంజన్ పోతే మామూలు ఇన్సూరెన్స్‌లో డబ్బులు రావడం కష్టం, ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి. ఈ ముక్క ఏజెంట్లు పాలసీ అమ్మేటప్పుడు చెప్పరు మరి.

అందుకని మీరు వాతావరణం వార్త పక్కనే ఒక బాక్స్ కట్టి ఇవన్నీ, 112, 1070 నంబర్లతో పాటు ఏ వార్డు వాళ్లు ఏ పునరావాస కేంద్రానికి వెళ్లాలో స్కూలు పేరుతో సహా వేయండి, అది కూడా జిల్లా పేజీలో మూలన కాకుండా మొదటి పేజీలో.

ఇట్లు,
మీ పాఠకుడు, విజయవాడ